బావిలో ఈత నేర్చినోళ్లకు శ్రీలంక అలల మీద వచ్చే తిప్పలు

మా పాలమూరు వైపు ఈత అంటే బావే. నడుముకు ఎండు సొరకాయ కట్టి మామయ్య గట్టు మీంచి తోసేస్తే వచ్చిన ఈత. ఆ ధీమాతోనే మొన్న సంక్రాంతి సెలవులకు ముగ్గురం దోస్తులం శ్రీలంకలోని వెలిగామకు సర్ఫింగ్‌కు, అంటే బోర్డు మీద నిలబడి అలలపై జారే ఆటకు పోయాం. జడ్చర్ల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు హైవే మీదే కాబట్టి సిటీ ట్రాఫిక్ టెన్షన్ కూడా లేదు. తిప్పలన్నీ దిగాకే మొదలయ్యాయి.

సమస్య: మొదటి రోజే జేబు సగం ఖాళీ

కారణం ట్యాక్సీ. విమానం దిగేది కొలంబోకు ఉత్తరాన కటునాయకలో. వెలిగామ ఏమో దక్షిణ కొసన, గాలే దాటాక వస్తుంది. 187 నంబరు బస్సెక్కి కొలంబోకు వచ్చి, ఫోర్ట్ స్టేషన్‌లో మాతర వైపు పోయే రైలు ఎక్కండి. కుడివైపు కిటికీ దొరికితే చాలా దూరం సముద్రం పక్కనే పోతుంది.

ఇంకో మోసం మన లెక్కలోనే ఉంది. మన రూపాయికి అక్కడివి మూడుకు పైనే వస్తాయి. దాంతో ప్రతిదీ "గింతేనా" అనిపించి చెయ్యి ఆగదు. రాత్రి పడుకునే ముందు ఖర్చంతా మన రూపాయల్లో రాసుకోండి. తిండికి బీచ్ కేఫ్‌లు వదిలేసి బస్టాండ్ పక్క హోటళ్లలో మధ్యాహ్నం అన్నం, కూరలు తినండి. పొల్ సంబోల్ అని ఇస్తారు. పచ్చి కొబ్బరి, ఎండుమిర్చి, నిమ్మరసం కలిపి నూరింది. అది ఉంటే మామిడి తొక్కు సీసా మోసుకుపోయే పని లేదు. మాది బ్యాగులోనే కారింది.

సమస్య: సముద్రమంతా గజిబిజి, ఒక్క అల కూడా సాఫీగా రాదు

వేసవి సెలవులని మే నెలలో పోయుంటారు. నైరుతి రుతుపవనాలకు దక్షిణ తీరం చెడిపోతుంది. వెలిగామకు నవంబర్ నుంచి ఏప్రిల్ మంచి కాలం. మే నుంచి సెప్టెంబర్ అయితే తూర్పున అరుగం బేకు పోవాలి, కాకపోతే ప్రయాణం చాలా పొడుగు. సీజన్ సరైందే అయినా పదకొండింటికి నీళ్లలో దిగితే గాలి లేచి అలలు చెదిరిపోతాయి. ఆరున్నరకే దిగండి.

సమస్య: అల అందగానే బోర్డు ముక్కు మునిగి పల్టీ

బోర్డు మీద మరీ ముందుకు పడుకున్నారు. ముక్కు నీటికి మూడు నాలుగు వేళ్ల ఎత్తున ఉండేలా వెనక్కి జరగండి. మరీ వెనక్కి పోతే అల మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతుంది. మొదట్లో ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డే తీసుకోండి. చిన్న బోర్డు చూడ్డానికే బాగుంటుంది.

పడేటప్పుడు బావిలో దూకినట్టు తల ముందు పెట్టొద్దు. కింద నడుము లోతే ఉంటుంది. వెల్లకిలా, పలకలా పడి చేతులతో తల కప్పుకోండి. బోర్డును మీకూ అలకూ మధ్య ఉంచకుండా పక్కన పట్టుకోండి. మా వాడొకడు ఎదురుగా పట్టుకున్నాడు. అల దాన్ని ఎత్తి మొహానికేసి కొట్టింది. పై పెదవి చీలి రెండు రోజులు స్ట్రాతో కొబ్బరినీళ్లే తాగాడు.

సమస్య: ఎంత ఈదినా ఒడ్డు దగ్గరకు రావట్లేదు

ఇది మాత్రం నిదానంగా చదవండి. బావి ఈతగాళ్లకు నిలకడ నీళ్లంటే నమ్మకం. రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో కాస్త ముదురు రంగులో, నిమ్మళంగా ఒక సందు కనిపిస్తుంది. అక్కడైతే సుఖమని నేను దిగింది దాంట్లోనే. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదేనట. రిప్ కరెంట్ అంటారు. ఒడ్డు మీది కొబ్బరిచెట్టును చూస్తూ చేతులు ఆడిస్తున్నా, చెట్టు చిన్నదవుతూనే ఉంది.

దాంతో కొట్లాడొద్దు. అది కిందికి గుంజదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. బోర్డు అస్సలు వదలొద్దు, మునగనిది అదొక్కటే. చెయ్యి పైకెత్తి ఊపండి. ఒడ్డువైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు, అలలు విరిగే వైపు పోండి. అక్కడి తెల్ల నురగే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. నన్ను తోసింది.

సమస్య: ఛాతీ, పొట్ట మంట

కాళ్లు జారకుండా బోర్డుకు పూసే మైనం, ఇసుక, ఉప్పు కలిసి చేసే రాపిడి అది. కాటన్ బనియన్ తడిసి ఇంకా గీకుతుంది. ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల లైక్రా టీషర్టు ఇక్కడే కొనుక్కుపోండి. ఎండకు ఒళ్లు కమలకుండానూ అదే మందు.

సమస్య: బోర్డుకు సొట్ట పడిందని షాపు వాడు డబ్బులు అడుగుతున్నాడు

సొట్ట ముందే ఉండొచ్చు, కానీ మీ దగ్గర రుజువు లేదు. మేం గమ్మున కట్టి వచ్చాం. మర్నాటి నుంచి వేరే షాపులో, అద్దె మాట్లాడుకున్నాక, వాడి ముందే బోర్డును అటూ ఇటూ తిప్పి ఫోన్‌లో వీడియో తీశాం. తీస్తుంటే వాడే నవ్వి, తోక దగ్గరున్న పగులు చూపించాడు.