యాభై ఎంఎంలో పట్టని బుల్లెట్

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో రెండు రోజులు పాత బైకులు వరసగా పెట్టారు. నా దగ్గరున్నది ఒకటే లెన్స్, 50 ఎంఎం, అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం) 1.8 దాకా తెరుచుకునేది. జూమ్ లేదు. కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి అది 75 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఇంకా దగ్గరగా, ఇరుకుగా చూపిస్తుంది. బుల్లెట్ మొత్తం ఫ్రేమ్‌లో పట్టాలంటే పదిహేనడుగులు వెనక్కి పోవాలి. పోయానా, మధ్యలోకి జనం!

మొదటిరోజు అపర్చర్ 1.8లోనే, అంటే పూర్తిగా తెరిచే వదిలేశా. ఇంటికొచ్చి చూస్తే జావా ట్యాంకు మీద అక్షరాలు బ్రహ్మాండం, హెడ్‌లైట్ మాత్రం మసక. ఐదడుగుల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది రెండున్నర అంగుళాల లోతే మరి.

మర్నాడు పొద్దున్నే, జనం రాకముందే పోయా. అపర్చర్ 8కి మార్చి, అంటే రంధ్రం చిన్నది చేసి, వెనక్కి జరిగి, మోకాళ్ల మీద కూర్చుని తీశా. బండి ముందునుంచి వెనకదాకా స్పష్టంగా వచ్చింది. క్రోమ్ సైలెన్సర్‌లో నా పసుపు చొక్కా కనిపించడం ఇంకో తలనొప్పి. లెన్స్‌కి పోలరైజర్ అనే ఫిల్టర్ పెట్టి చూశా. అది గాజు మీద, పెయింట్ మీద మెరుపు తగ్గిస్తుంది గానీ ఉత్త లోహం మీద పనిచేయదు. చివరికి పక్కనున్నాయన నల్ల కండువా అడిగి కప్పుకున్నా.

అన్నిటికన్నా నచ్చిన ఫొటోలో బండే లేదు. ఆర్ఎక్స్ 100 కిక్ రాడ్, దాని మీద ఒకవైపు అరిగి నున్నబడిన రబ్బరు, అంతే.