వైర్‌లెస్ మౌస్ – అన్ని సిస్టమ్‌లకూ ఒకటే. మూడవ పాఠం: ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ ఉన్నప్పుడు బ్లూటూత్ మౌస్

గత రెండు పాఠాలలో డాంగిల్‌తో, అంటే యూఎస్‌బీ పోర్ట్‌కు తగిలించే చిన్న రిసీవర్‌తో, పనిచేసే మౌస్‌ల గురించి తెలుసుకున్నాం. హెచ్‌ఐడీ అనే ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే మౌస్ ఏ బటన్ నొక్కామో, అడ్డంగా, నిలువుగా ఎంత కదిలించామో ఒకే పద్ధతిలో కంప్యూటర్‌కు చెబుతుంది కాబట్టి, విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్‌లలో దేనికి తగిలించినా ప్రత్యేక డ్రైవర్ అక్కరలేదని చూశాం. పెట్టె మీద విండోస్ పేరొక్కటే ముద్రించి ఉంటే, అది చాలావరకు అదనపు బటన్లను మలచుకునే సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన మాటే తప్ప మౌస్‌కు సంబంధించినది కాదు.

ఈ పాఠంలో బ్లూటూత్ మౌస్‌ను, అందులోనూ అందరినీ ఎక్కువగా విసిగించే ఒక్క సమస్యను తీసుకుందాం. ఇంజనీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ కూడా ఉండడం మామూలే. విండోస్‌లో మౌస్‌ను జత చేస్తే చక్కగా పనిచేస్తుంది. ఉబుంటులోకి వెళితే కదలదు, మళ్లీ జత చేయాలి. అలా చేసి విండోస్‌కు తిరిగి వచ్చేసరికి, జాబితాలో మౌస్ పేరు అలాగే ఉంటుంది గాని బాణం గుర్తు మాత్రం కదలదు. చాలామంది ఈ దశలో బ్యాటరీ మారుస్తారు, లేదా మౌస్ పాడైందనుకుని దుకాణానికి తిరిగి తీసుకువెళతారు. నిజానికి మౌస్‌లో ఏ లోపమూ లేదు. కారణం స్పష్టంగా తెలిస్తే పరిష్కారం దానంతట అదే కనిపిస్తుంది కాబట్టి, ముందు దానిని నిదానంగా అర్థం చేసుకుందాం.

కీ ఎవరి దగ్గర ఉంటుంది?

కీ అంటే జత కట్టిన రెండింటికీ మాత్రమే తెలిసిన రహస్య సంఖ్య. వైర్‌లెస్ మౌస్ ఏదైనా సరే, మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. డాంగిల్ మౌస్‌లో జత కట్టడమనేది మౌస్‌కూ డాంగిల్‌కూ మధ్య జరిగే వ్యవహారం, దాని వివరాలన్నీ ఆ రెండింటి జ్ఞాపకంలోనే ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు డాంగిల్ ఒక మామూలు యూఎస్‌బీ మౌస్‌లా కనిపిస్తుందే తప్ప, వెనుక రేడియో ఉన్న సంగతితో దానికి పని లేదు. అందువల్లనే డాంగిల్‌ను ఏ కంప్యూటర్‌కు మార్చినా, ఏ సిస్టమ్‌తో ఆన్ చేసినా, చివరకు సిస్టమ్ మొదలయ్యే ముందు వచ్చే బయోస్ సెట్టింగ్‌ల తెర మౌస్‌ను గుర్తించే రకమైతే అక్కడ కూడా అది పనిచేస్తుంది.

బ్లూటూత్‌లో అలా కాదు. జత చేసే సమయంలో మౌస్, కంప్యూటర్ కలిసి 128 బిట్ల రహస్య కీని ఏర్పరచుకుంటాయి. మౌస్ తన వంతు కీని తనలో దాచుకుంటుంది. కంప్యూటర్ వైపు కీని దాచేది బ్లూటూత్ చిప్ కాదు, అప్పుడు నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ దానిని తన సెట్టింగ్‌లను దాచుకునే రిజిస్ట్రీలో రాసుకుంటుంది, లినక్స్ తన ఫైళ్లలో రాసుకుంటుంది, ఒకదాని పుస్తకం మరొకదానికి తెలియదు. అయితే బ్లూటూత్ చిప్ చిరునామా మాత్రం రెండు సిస్టమ్‌లలోనూ ఒకటే కాబట్టి, మౌస్ దృష్టిలో ఉన్నది ఒక్క కంప్యూటరే. ఉబుంటులో జత చేసిన క్షణాన ఆ చిరునామాకు కొత్త కీ రాసుకుని పాత కీని చెరిపేస్తుంది. తర్వాత విండోస్ తన దగ్గరున్న పాత కీతో పలకరిస్తే మౌస్ ఒప్పుకోదు.

సులువైన దారులు

మీ మౌస్ బ్లూటూత్‌తో పాటు డాంగిల్‌తోనూ పనిచేసే రకమైతే, ఈ ల్యాప్‌టాప్‌కు డాంగిల్‌నే వాడండి. బ్యాటరీ గది మూత తీసి చూడండి, డాంగిల్‌ను అక్కడే ఒక చిన్న గాడిలో అమర్చి ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, దానిని గమనించకుండానే ఏళ్ల తరబడి మౌస్ వాడేవారూ ఉన్నారు.

రెండవ దారి, మౌస్ అడుగున 1, 2, 3 అని అంకెలు, వాటి పక్కన చిన్న దీపాలు ఉన్న రకానికి. ఇది మూడు వేర్వేరు కంప్యూటర్లకు ఉద్దేశించిన ఏర్పాటే అయినా, ఒకే కంప్యూటర్‌లోని రెండు సిస్టమ్‌లకూ పనికి వస్తుంది, ఎందుకంటే ఇటువంటి మౌస్‌లు ఒక్కో అంకెకూ విడిగా కీని దాచుకుంటాయి. 1 వెలుగుతుండగా విండోస్‌లో జత చేయండి. తర్వాత ఉబుంటులోకి వెళ్లి, 2కు మార్చి, దీపం వేగంగా మిణుకుమనే దాకా బటన్‌ను నొక్కి పట్టుకుని అక్కడ జత చేయండి. ఇకమీదట సిస్టమ్ మారినప్పుడల్లా అంకె మార్చితే చాలు. కొత్తగా మౌస్ కొనబోయేవారికి నా సలహా కూడా ఇదే: రెండు సిస్టమ్‌లు వాడేవారు ఆ మూడు అంకెల కోసం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడం మంచిది.

కీని ఒకచోటి నుంచి మరొకచోటికి రాయడం

డాంగిల్ గాని, అంకెలు గాని లేని మౌస్ అయితే, రెండు సిస్టమ్‌లలోనూ ఒకే కీ ఉండేలా మనమే రాయాలి. ఆజ్ఞలను టైప్ చేసే టెర్మినల్ తెర అలవాటు లేనివారు కంగారు పడనక్కరలేదు గాని, ప్రతి మెట్టునూ వరుస తప్పకుండా చేయాలి. లినక్స్ వైపు కీ మామూలు అక్షరాల ఫైల్‌లో ఉంటుంది, మార్చడం తేలిక. అందుకని విండోస్ కీని చదివి లినక్స్‌లో రాయడమే మేలైన క్రమం.

మొదట ఉబుంటులో జత చేయండి. టెర్మినల్‌లో బ్లూటూత్‌సీటీఎల్ అనే ప్రోగ్రామ్ తెరిచి చేసేవారు పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అనే మూడు ఆజ్ఞలనూ ఇవ్వాలి. ట్రస్ట్ మరచిపోతే మౌస్ ఆ పూటకు పనిచేసినా, ల్యాప్‌టాప్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు తనంతట తాను కలవకపోవచ్చు. ఆ తర్వాత విండోస్‌లోకి వెళ్లి జత చేయండి. ఇప్పుడు మౌస్ దగ్గర ఉన్నది విండోస్ కీ. అక్కడి నుంచి షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ ఎంచుకుని ఉబుంటుకు రండి, ఎందుకంటే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియదు, దాని డిస్క్ సగం మూసిన స్థితిలో ఉండిపోతుంది.

ఉబుంటులో విండోస్ డిస్క్‌ను తెరిచి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌కు వెళితే సిస్టమ్ అనే ఫైల్ ఉంటుంది. రిజిస్ట్రీలో మనకు కావలసిన భాగం అదే. సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యు అనే చిన్న ప్రోగ్రామ్‌తో దానిని తెరిచి, కంట్రోల్‌సెట్001, సర్వీసెస్, బీటీహెచ్‌పోర్ట్, పారామీటర్స్, కీస్ అనే వరుసలో లోపలికి దిగండి. చదవడమే మన పని, అక్కడ ఏదీ మార్చవద్దు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటైన బిట్‌లాకర్ ఉన్న డిస్క్ అయితే దాని రికవరీ కీ లేకుండా లినక్స్‌లో తెరుచుకోదు. అటువంటివారు విండోస్‌లోనే, మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీఎస్‌ఎగ్జెక్ అనే ప్రోగ్రామ్ సాయంతో, రిజిస్ట్రీ ఎడిటర్‌ను సిస్టమ్ ఖాతా అధికారంతో తెరిచి ఇదే చోటును చూడవచ్చు. మామూలు అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే అక్కడ ఖాళీగానే కనిపిస్తుంది.

కీస్ కింద మీ బ్లూటూత్ చిప్ చిరునామా, దాని కింద మౌస్ చిరునామా, ఒక్కొక్కటి 12 అక్షరాలతో కనిపిస్తాయి. మౌస్ చిరునామా ఎదుట నేరుగా 16 బైట్ల విలువ ఉంటే అది పాత తరహా బ్లూటూత్, ఆ విలువే కీ. మౌస్ చిరునామాయే ఒక ఫోల్డర్‌గా ఉండి, లోపల ఎల్‌టీకే, ఈడివ్, ఈరాండ్ అనే పేర్లు కనిపిస్తే అది తక్కువ విద్యుత్ వాడే కొత్త తరహా. వీటిలో ఎల్‌టీకేయే కీ. అప్పుడు ఆ మూడింటినీ కాగితం మీద రాసుకోండి.

ఇక లినక్స్ వైపు. రూట్ అధికారంతో, అంటే లినక్స్‌లో అన్ని ఫైళ్లనూ తెరవగల అధికారంతో, వార్, లిబ్, బ్లూటూత్ అనే ఫోల్డర్ల వరుసలోకి వెళితే, అక్కడ కూడా చిప్ చిరునామా, దాని లోపల మౌస్ చిరునామా పేరిట ఫోల్డర్లు, అందులో ఇన్ఫో అనే ఫైల్ ఉంటాయి. ఇక్కడ చాలామంది తడబడతారు: కొన్ని కొత్త తరహా మౌస్‌లు జత చేసిన ప్రతిసారీ తమ చిరునామాను కొద్దిగా మార్చుకుంటాయి. విండోస్‌లో కనిపించిన మౌస్ చిరునామాకూ ఈ ఫోల్డర్ పేరుకూ తేడా ఉంటే, ఫోల్డర్ పేరును విండోస్‌లోని చిరునామాకు సరిపోయేలా మార్చాలి. లేకపోతే కీ సరిగా రాసినా ఫలితం ఉండదు.

ఇన్ఫో ఫైల్‌లో పాత తరహాకు లింక్‌కీ, కొత్త తరహాకు లాంగ్‌టర్మ్‌కీ అనే శీర్షిక కింద కీ వరుస ఉంటుంది. విండోస్ కీని ఖాళీలు, కామాలు లేకుండా, ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలతో 32 అంకెల ఒకే వరుసగా అక్కడ రాయండి. ఈడివ్, ఈరాండ్ విలువలు సున్నా అయితే లినక్స్‌లోనూ సున్నాలే ఉంచండి. సున్నా కాకపోతే వాటిని దశాంశ పద్ధతిలోకి మార్చి రాయాలి. అందులో సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యులో చూసినప్పుడు ఈరాండ్ బైట్లు తలకిందుల వరుసలో కనిపిస్తాయి కాబట్టి, చివరి బైట్ నుంచి మొదటి బైట్ వరకు తిప్పి రాసుకున్న తర్వాతే దశాంశంలోకి మార్చాలి. కీని మాత్రం తిప్పకూడదు. ఫైల్ భద్రపరచి, బ్లూటూత్ సర్వీస్‌ను రీస్టార్ట్ చేసి, మౌస్‌ను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. బాణం కదిలితే పని పూర్తయినట్టే.

కదలకపోతే మళ్లీ జత చేయవద్దు. చేస్తే మౌస్‌లోని కీ మారిపోయి, పడిన శ్రమంతా మొదటికి వస్తుంది. ముందు ఫోల్డర్ పేరును, తర్వాత 32 అంకెలను ఒక్కొక్కటిగా సరిచూడండి, సున్నా ఉండవలసిన చోట ఓ అక్షరం పడడం తరచుగా జరిగే పొరపాటు. పని అయ్యాక కీ రాసుకున్న కాగితాన్ని చించివేయండి. సహాయం అడిగేటప్పుడు ఆ ఫైల్ ఫొటోను ఎవరికీ పంపవద్దు, అది మీ మౌస్‌కూ మీ ల్యాప్‌టాప్‌కూ మధ్య రహస్యం.

అభ్యాసం: మీ ఇంట్లోని వైర్‌లెస్ మౌస్‌లను ఒక్కొక్కటిగా తిప్పి చూసి, వాటిలో ఏది డాంగిల్‌తో, ఏది బ్లూటూత్‌తో, ఏది రెండింటితోనూ పనిచేస్తుందో, ఒక్కోదాని కీ ఎక్కడ ఉంటుందో రాసుకోండి. రెండు సిస్టమ్‌ల ల్యాప్‌టాప్ ఉన్నవారు, ఏదీ మార్చకుండా, ఇన్ఫో ఫైల్‌ను తెరిచి తమ మౌస్ ఏ తరహాదో తేల్చుకోండి.

నాలుగవ పాఠంలో, యూఎస్‌బీ 3.0 పోర్ట్ పక్కన డాంగిల్ పెట్టినప్పుడు బాణం ఎందుకు తడబడుతుందో, ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దానిని ఎలా సరిచేయాలో చూద్దాం.