బ్రాకెట్ల పాఠాలు – 4: పాత ఫిల్లింగ్ మీద పట్టు

పోయిన పాఠంలో ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మీద బ్రాకెట్ (పళ్లు సరిచేసే వైరును పట్టే చిన్న బిళ్ల) అతికించడం నేర్చుకున్నాం. అదే పద్ధతిలో కాంపోజిట్ (పంటి రంగు ప్లాస్టిక్ పదార్థం) ఫిల్లింగ్ మీద అతికిస్తే వైరు వేసిన వారానికే ఊడిపోయిందని చాలామంది రాశారు. అది ఎనామెల్‌కే పనికొస్తుందని నేను అప్పుడే గట్టిగా చెప్పాల్సింది. వైరు వంచడం తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

అందరూ అడిగింది ఒకటే: "30 సెకన్లు యాసిడ్ పెట్టినా ఫిల్లింగ్ తెల్లబడలేదు, ఇంకాసేపు ఉంచాలా?" వద్దు. ఎంతసేపు ఉంచినా తెల్లబడదు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగించి సన్నని రంధ్రాలు చేస్తుంది. సుద్దలా కనిపించేది అదే. కాంపోజిట్‌లో ఉన్నవి రెజిన్ అనే ప్లాస్టిక్, గాజు రేణువులు. వాటిని ఈ యాసిడ్ కరిగించలేదు, మురికి మాత్రం వదిలిస్తుంది. మీరు తెలుపు కోసం ఎదురుచూసేకొద్దీ చుట్టూ ఉన్న మంచి ఎనామెల్ అరుగుతుంది. దయచేసి ఆ తెలుపును మర్చిపోండి. గాజును తినే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ చిగుళ్లనూ కాలుస్తుంది. చెయ్యి కుదిరేదాకా దాని జోలికి పోవద్దు.

అప్పుడే వేసిన కాంపోజిట్ పైపొర గాలి తగలడం వల్ల పూర్తిగా గట్టిపడదు, మీద వేసే రెజిన్ దానితో కలిసిపోతుంది. పాలిష్ చేసిన పాత ఫిల్లింగ్‌కు ఆ పొర ఉండదు. గరుకు మనమే చేయాలి. 50 మైక్రాన్ల అల్యూమినా పొడి చిమ్మడం మంచి పద్ధతే. నాకు మాత్రం డైమండ్ బర్ (వజ్రపు పొడి అద్దిన తిరిగే మొన) ఇష్టం: నోట్లో పొడి చెదరదు, ఎంత గీశానో చేతికి తెలుస్తుంది. బ్రాకెట్ అడుగు పట్టే మేర మెరుపు పోతే చాలు. తర్వాత యాసిడ్, కడగడం, ఆరబెట్టడం, నిమిషంపాటు సైలేన్ (గాజును రెజిన్‌తో కలిపే ద్రవం), గాలి, ప్రైమర్ (బంకకు ముందు పూసే పలుచని రెజిన్), బంకతో బ్రాకెట్, బంకను గట్టిపరిచే లైటు. మధ్యలో ఉమ్మి తగిలితే మళ్లీ మొదటికే.

మూల విరిగిన ముందుపంటిని కాంపోజిట్‌తో కట్టి ఉంటే, బ్రాకెట్ సగం ఎనామెల్ మీద పడుతుంది. అక్కడ యాసిడ్ రెండింటికీ. బర్, సైలేన్ కాంపోజిట్‌కే. ఫిల్లింగ్ అంచున పిప్పి ఉంటే ముందు ఫిల్లింగే మార్చండి.

అభ్యాసానికి నెల పడుతుంది. తీసేసిన ప్రీమోలార్లు (కోరపంటి వెనకుండే చిన్న దవడ పళ్లు) ఆరింటికి కాంపోజిట్ వేసి, పాలిష్ చేసి, నెల రోజులు నీళ్లలో ఉంచండి. మూడింటికి యాసిడ్ ఒక్కటే పెట్టి, మూడింటికి మొత్తం పద్ధతిలో బ్రాకెట్లు అతికించండి. మర్నాడు ఆ బ్రాకెట్లను ప్లయర్‌తో తీసి చూడండి. బంకంతా బ్రాకెట్‌తో వచ్చేస్తే ఫిల్లింగ్ మీద పట్టు లేనట్టే. ఫిల్లింగే పెచ్చులా లేచివస్తే ప్లయర్ ఎక్కడ పట్టారో రాసిపెట్టుకోండి. బ్రాకెట్లు తీసే పాఠంలో అది కావాలి.