చెన్నైలో మ్యూజిక్ ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో పాటకి సంగీతం కట్టే పని) మొదలెట్టే తమ్ముళ్ళూ, సాఫ్ట్‌వేర్ వేసే ముందు ఇవి చూస్కోండి

వడపళని, సాలిగ్రామం సైడ్ రూమ్ తీసుకుని సినిమా పాటలకి కీబోర్డ్ పని మొదలెట్టే మన తెలుగు కుర్రాళ్ళకి చెప్తున్నా, క్రాక్ చేసిన పైరసీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి.

- ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యమని రాసుందా, అక్కడే ఆగిపోండి. అదే లాప్‌టాప్‌లో మీ బ్యాంక్ లాగిన్, డైరెక్టర్ నమ్మి ఇచ్చిన రిలీజ్ కాని పాట అన్నీ ఉంటాయి కదా, ఒక్కటి లీకైనా మళ్ళీ ఎవరూ పిలవరు.

- డబ్బుల్లేవంటే దారులున్నాయి. పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్ రీపర్ 60 రోజులు ఫుల్‌గా వాడుకోవచ్చు, తర్వాత 60 డాలర్లు, అదీ ఏడాది సంపాదన 20,000 డాలర్లు దాటనోళ్ళకి. అలాంటిదే ఎఫ్ఎల్ స్టూడియో, దాని ట్రయల్‌లో సేవ్ అవుతుంది గానీ కొనేదాకా ఆ ప్రాజెక్ట్ మళ్ళీ ఓపెన్ అవ్వదు, కాబట్టి కూర్చున్నప్పుడే పాటని వేవ్ ఫైల్‌గా (మామూలు ఆడియో ఫైల్) తీసేస్కోండి. చాలా ఆడియో ఇంటర్‌ఫేస్‌లతో (మైక్‌ని, వాయిద్యాన్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) ఏబుల్టన్ లైవ్ లైట్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వస్తుంది, డబ్బాలో కోడ్ ఉందేమో చూడండి.

- చట్టం సంగతి. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి: సాఫ్ట్‌వేర్ పైరసీ కాపీ అని తెలిసీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా రాసుంది. భయపెట్టడానికి కాదు, తెలిసుండాలని.

- సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొంటే అందులో ఉన్న ప్లగిన్లు (మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే వాయిద్యాలు, ఎఫెక్ట్‌లు) మీవి అయిపోవు, లైసెన్స్ పాతాయన పేరు మీదే ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ చేయిస్తాడో లేదో డబ్బు ఇవ్వకముందే అడగండి.

- స్టూడెంట్ లైసెన్స్ అయితే సినిమా పనికి వాడొచ్చో లేదో షరతులు చదవండి, కంపెనీకో రూలు.