గుంతకల్లు రైల్వే చరిత్ర రాయాలంటే

ముందు పాలన ఎప్పుడెప్పుడు మారిందో ఒక కాగితం మీద వేసుకోండి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. గుంతకల్లు ఉన్న అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకుముందు ఇది బళ్ళారి జిల్లా. కాబట్టి 1871లో మద్రాసు-రాయచూరు లైను పూర్తయిన నాటి సంగతులు బళ్ళారి పేరు కిందే వెతకాలి. రైల్వేదీ అదే తంతు. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951 నుంచి దక్షిణ రైల్వే, 1977లో దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. గుంతకల్లు డివిజన్ 1956లో వచ్చింది. ఏ ఏడాది కాగితం కావాలో తేలితే ఏ పేరు అడగాలో తెలుస్తుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా పాలన మద్రాసు నుంచే, కాబట్టి అంతకు ముందటి ప్రభుత్వ రికార్డుల కోసం చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో (పాత రికార్డులు దాచే చోటు) కూడా వెతకండి.

జనాభా లెక్కలు పోల్చేటప్పుడు ఊరి హద్దులు మారాయేమో చూడండి. పాత గుంతకల్లు, స్టేషన్ చుట్టూ పెరిగిన ఊరు, రైల్వే కాలనీ: దేన్ని కలిపారో, దేన్ని వదిలారో తెలియకపోతే పెరుగుదల అంతా తప్పుడు లెక్కే.

రిటైరైన ఉద్యోగులే అసలు ఖజానా, ఆలస్యం చేయొద్దు. "అప్పట్లో ఎట్లుండేది పెద్దాయనా?" అంటే పొగడ్తలే వస్తాయి. బొగ్గింజనుపై ఫైర్‌మన్‌గా చేశారా, షిఫ్టు ఎన్ని గంటలు, మీటర్ గేజి (సన్న పట్టాల) బండి నుంచి బ్రాడ్ గేజి (వెడల్పు పట్టాల) బండికి సరుకు ఎవరు మార్చేవారు, కూలి ఎంత అని అడగండి. చెప్పిన సంవత్సరాన్ని సర్వీసు పుస్తకంతో సరిచూడండి. జ్ఞాపకం పనిని బాగా పట్టుకుంటుంది, తేదీని జారవిడుస్తుంది. ఫోన్లో రికార్డు చేసి, అదే రోజు పేరు, తేదీ, చోటు రాసి రెండు చోట్ల దాచండి. పాత ఫొటో దొరికితే వెనకవైపు రాతను కూడా ఫొటో తీయండి.