ఫార్మాట్ చేయించే ముందు: ఇంటి కంప్యూటర్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కంప్యూటర్ మొరాయించగానే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట, "విండోస్ పోయినట్టుంది, ఫార్మాట్ చేయించాలి" అని. ఆ మాట వింటే నాకు గుండె గుభేలుమంటుంది. ఫార్మాట్ అంటే సి డ్రైవ్‌ను తుడిచిపెట్టడం. డెస్క్‌టాప్ మీది పెళ్లి ఫొటోలు, డాక్యుమెంట్స్‌లోని పొలం కాగితాలు, డౌన్‌లోడ్స్‌లోని పిల్లల హాల్‌టికెట్లు, అన్నీ ఉండేది ఆ సి డ్రైవ్‌లోనే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేను చూసిన ఇంటి కంప్యూటర్లలో చాలావాటి జబ్బుకు మూలం విండోస్‌లో లేదు. కరెంటులో, వేడిలో, దుమ్ములో, అరిగిపోయిన డిస్కులో ఉంది. అలాంటప్పుడు ఫార్మాట్ చేస్తే ఫైళ్లు పోతాయి, జబ్బు అలాగే ఉంటుంది. కింద ఇచ్చిన మెనూ పేర్లు విండోస్ 10, 11లలోవి. తెర మీద ఇంగ్లీషులో కనిపించే పేర్లనే తెలుగు లిపిలో రాశాను.

కరెంటు పోయి వచ్చాక విండోస్ తెరుచుకోవడం లేదు

లక్షణం: "ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని వస్తుంది, కాసేపు తిరుగుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది.

కారణం: మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తుపాను పట్టిందంటే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు ఎంత తడిసిందో ఇక్కడివారికి గుర్తే. డిస్కు మీద ఏదో రాస్తుండగా, ముఖ్యంగా అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అమరికలో, ఫోల్డర్ల లెక్క చెదిరితే తిరిగి సరిచేసుకోవడానికి ఒక చిట్టా ఉంటుంది. సగం రాసిన ఫైలు లోపలి సమాచారాన్ని మాత్రం ఆ చిట్టా కాపాడలేదు. విండోస్ లేవడానికి కావలసిన ఫైలే అలా చెడితే ఇక ఈ తిరుగుడు మొదలవుతుంది.

పరిష్కారం: మొదటిసారి ఆ మాటలు కనబడగానే స్విచ్ కట్టేయకండి. పాత హార్డ్ డిస్కు అయితే రిపేరుకు చాలాసేపు పడుతుంది. ఓపిక పట్టినా అదే తిరుగుడు అయితే నీలం తెర మీద "ట్రబుల్‌షూట్", తర్వాత "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" ఎంచుకోండి. ఆ నీలం తెర తనంతట తాను రాకపోతే, విండోస్ గుర్తు కనబడగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. వరుసగా రెండు మూడు సార్లు అలా ఆపితే తర్వాతిసారి అదే వస్తుంది.

అక్కడికి చేరాక ఏ రిపేరూ మొదలుపెట్టకముందే ఫైళ్లు బయటికి తీసుకోండి. ఇది చాలామందికి తెలియదు కానీ విండోస్ లేవకపోయినా ఈ పని చేయవచ్చు. పెన్‌డ్రైవ్ పెట్టి, "కమాండ్ ప్రాంప్ట్" తెరిచి, నోట్‌ప్యాడ్ అనే మాట ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కితే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. కింద ఫైళ్ల రకం దగ్గర "ఆల్ ఫైల్స్" పెట్టండి, లేకపోతే ఫొటోలు కనబడవు. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్న ఫోల్డర్‌కు వెళ్లి, కావలసినవాటి మీద కుడి క్లిక్‌తో కాపీ, పెన్‌డ్రైవ్ మీద పేస్ట్. ఎంతవరకు ఎక్కిందో చూపించే గీత ఏదీ రాదు. తెర కదలనట్టు ఉన్నా లోపల కాపీ నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ డ్రైవ్‌ల అక్షరాలు మారిపోవచ్చు, మీ సి డ్రైవ్ డి అని కనబడినా కంగారు పడనక్కరలేదు.

ఫైళ్లు చేతికి వచ్చాక ఈ వరుసలో వెళ్లండి: స్టార్టప్ రిపేర్. అది కుదరకపోతే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్"లో చివరిగా ఎక్కిన క్వాలిటీ అప్‌డేట్ తీసేయడం. అదీ కాకపోతే సిస్టమ్ రిస్టోర్. ఆఖరున "రీసెట్ దిస్ పీసీ", అందులోనూ "కీప్ మై ఫైల్స్". దీనితో మీ ఫైళ్లు ఉంటాయి, మీరు ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. ఇన్ని దారులు దాటాకే ఫార్మాట్ ఊసు రావాలి.

కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. పై పనులకు అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. యంత్రం బాగున్నప్పుడే దాన్ని చూసి, ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అది లేకపోతే ఎంత పనిమంతుడైనా మీ ఫైళ్లు తెరవలేడు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంటే, ముందు ఇన్వర్టర్ మీద మోడ్ మార్చే స్విచ్ ఎక్కడుందో వెతకండి. చాలా ఇన్వర్టర్లలో రెండు రకాల నడక ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే ఆ రెప్పపాటును ఫ్యాను, లైటు ఓర్చుకుంటాయి, కంప్యూటర్ ఓర్చుకోదు. దాన్ని యూపీఎస్ మోడ్‌కు తిప్పితే సరిపోతుంది. ఈ ఒక్క స్విచ్‌తో పై గొడవంతా తప్పిన ఇళ్లు ఉన్నాయి.

ఏ వెబ్‌సైటు తెరిచినా హెచ్చరికే

లక్షణం: కంప్యూటర్ బాగానే లేస్తుంది. మీభూమిలో అడంగల్ చూద్దామన్నా, బ్యాంకు ఖాతా తెరుద్దామన్నా కనెక్షన్ సురక్షితం కాదనే హెచ్చరిక వస్తుంది. అదే వైఫైతో ఫోనులో అన్నీ తెరుచుకుంటాయి.

వైరస్ అనుకునే ముందు కింద కుడి మూల గడియారం చూడండి. తేదీ కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంటే కారణం దొరికినట్టే. ప్రతి సురక్షిత వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే ధ్రువపత్రం ఉంటుంది. మీ కంప్యూటర్ ఇంకా 2018లోనే ఉన్నాననుకుంటే, ఆ ధ్రువపత్రానికి గడువే మొదలుకాలేదని దాన్ని తోసిపుచ్చుతుంది.

తేదీ ఎందుకు పోయిందంటే, మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ప్లగ్గు పీకి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. పిల్లలు హాస్టల్లో చదువుకునే ఇళ్లలో కంప్యూటర్‌ను సంక్రాంతికో వేసవి సెలవులకో తప్ప ముట్టరు. అలా నెలల తరబడి ప్లగ్గు లేకుండా ఉంటే బిళ్ల మీద భారం పెరిగి త్వరగా అయిపోతుంది.

అప్పటికప్పుడు పని జరగాలంటే సెట్టింగ్స్‌లో "టైమ్ అండ్ లాంగ్వేజ్", "డేట్ అండ్ టైమ్"కు వెళ్లి "సింక్ నౌ" నొక్కండి. అది కుదరకపోతే తేదీని చేత్తో సరిచేయండి. శాశ్వతంగా కావాలంటే బిళ్ల మార్చాలి. గడియారాలు బాగుచేసే కొట్లలో కూడా తక్కువ ధరకే దొరుకుతుంది. మార్చే ముందు బయాస్ తెర (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగులు) తెరిచి బూట్ మోడ్, సాటా మోడ్ ఎలా ఉన్నాయో ఫోనుతో ఫొటో తీసుకోండి. బిళ్ల తీసినప్పుడు అవి మారిపోతే, కొత్త బిళ్ల వేశాక విండోస్ లేవదు; బిళ్ల మారిస్తే కంప్యూటర్ చెడిపోయిందని బెంబేలెత్తేది అప్పుడే. ఫొటో చూసి యథాతథంగా పెడితే లేస్తుంది.

తేదీ సరిగానే ఉండి సమయం మాత్రం ఐదున్నర గంటలు తేడా ఉంటే బిళ్ల జోలికి పోవద్దు. టైమ్ జోన్ మన దేశానిది పెట్టుకుంటే చాలు.

నత్తనడక

మౌస్ నొక్కితే అర నిమిషానికి తెరుచుకుంటుందా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసలు ఉంటాయి. సీపీయూ పది శాతం కూడా లేకుండా డిస్క్ మాత్రం 100 దగ్గర నిలబడి ఉంటే అడ్డు అక్కడే ఉంది. పర్‌ఫార్మెన్స్ పేజీలో ఆ డిస్కు మీద నొక్కి "యావరేజ్ రెస్పాన్స్ టైమ్" చూడండి. పని ఎక్కువై అలిసిన మంచి డిస్కులో ఆ అంకె పదుల్లోనో, ఒక్కోసారి వందల్లోనో ఉంటుంది. చదివే వేగం ఏమీ లేకపోయినా ఆ అంకె వేల మిల్లీసెకన్లలో ఆడుతూ ఉంటే, దానికి తోడు టిక్కు టిక్కుమనే శబ్దం వస్తుంటే డిస్కు చివరి రోజుల్లో ఉందని అర్థం. వెంటనే మిగతా పనులన్నీ ఆపి ఫైళ్లు కాపీ చేసుకోండి. అలాంటి డిస్కును ఫార్మాట్ చేయడమంటే ఉన్న కాస్త ప్రాణమూ తీయడమే.

డిస్కు బాగుండి నెమ్మదిగా ఉంటే, తిరిగే హార్డ్ డిస్కు స్థానంలో తిరిగే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ వేయించండి. నా మట్టుకు నేను పాత కంప్యూటర్ మీద పెట్టే మొదటి రూపాయి దీని మీదే పెడతాను. మెమరీ కూడా 90 శాతం దాటుతుంటే 4 జీబీ ర్యామ్‌ను 8 చేయండి. స్టార్టప్ యాప్స్‌లో అక్కరలేనివి డిసేబుల్ చేయండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది.

సి డ్రైవ్ ఎర్రబడింది

ఎర్రబడిందంటే ఆ డ్రైవ్‌లో చోటు దాదాపు నిండిందన్నమాట. ఈ వరుసలో వెళ్లండి: సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. అక్కడ పాత విండోస్ తాలూకు ఫైళ్లు, అప్‌డేట్ మిగుళ్లు నిర్భయంగా తీసేయవచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఆ వరుసలో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటుంది. అన్నింటికీ టిక్కు పెట్టుకుంటూ పోతే ఈసీ కాపీలు, మార్కుల జాబితాలు, రసీదులు అన్నీ పోతాయి.

తెలుగు ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు

డీటీపీ చేయించిన శుభలేఖో అర్జీయో ఇంట్లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు చెడలేదు. డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్‌కు, అంటే ఇప్పుడు అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతికి, ముందటివి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో కింద దాగిన ఇంగ్లీషు బయటపడుతుంది. ఫైలును పీడీఎఫ్‌గా ఇమ్మని అడగండి, ఇంకేమీ అక్కరలేదు. మార్పులు చేసుకోవాలంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు మాత్రం ఒక్కొక్కటీ చూసుకోవాలి.

పాత వర్డ్ ఫైలులో తెలుగు సరిగానే ఉండి అక్షరాల రూపు మారి వరుసలు జరిగిపోతే గౌతమి ఫాంటు లేదన్నమాట. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో "తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్" చేర్చండి. మీరే తెలుగు టైపు చేయాలంటే లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చి, ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది.

ఎండలో ఆగిపోవడం, వానలో కూతలు

రోహిణి కార్తెలో కంప్యూటర్ అరగంట నడిచి ఉన్నట్టుండి ఆరిపోతుంటే అది వేడి. ప్రాసెసర్ కాలిపోకుండా తనను తాను కాపాడుకుంటోంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పొడి ఫ్యాను రెక్కల మీద తెల్లగా పేరుకుంటుంది. ప్లగ్గు పీకి, మెత్తని కుంచెతో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యానును వేలితో ఆపి పట్టుకోండి, విపరీతంగా తిరిగితే పాడవుతుంది. శుభ్రం చేసినా ఆగకపోతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, అది మార్పించాలి.

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి లోహాన్ని తింటుంది. కంప్యూటర్ తెర నల్లగా ఉండి కూతలు మాత్రం వస్తుంటే ముందు ర్యామ్‌ను అనుమానించండి. ప్లగ్గు పీకి, ర్యామ్ ముక్క బయటికి తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది, పొడి దులిపి, క్లిక్కుమనేదాకా లోపలికి నొక్కండి.

విండోస్ 10 గడువు, బెదిరింపు తెరలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లవారి కోసం పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు 2026 అక్టోబరు 13 గడువు పెట్టారు. గడువు దాటినా కంప్యూటర్ దానంతట అది ఆగిపోదు, కొత్తగా బయటపడే భద్రతా రంధ్రాలకు మాత్రం అతుకులు రావు. విండోస్ 11 ఎక్కాలంటే 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. టీపీఎం లేదని వస్తే బయాస్‌లో ఆఫ్ చేసి ఉందేమో చూడండి. నిజంగానే లేని పాత యంత్రానికి, విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ మంచి దారి. బ్రౌజర్, సినిమాలు, పిల్లల పాఠాలు అన్నీ నడుస్తాయి.

ఈ గడువును చూపించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు. తెర నిండా "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని కేకలు పెట్టే పేజీ వస్తే అది బ్రౌజర్‌లోని బొమ్మ మాత్రమే. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచుకుని "ఎండ్ టాస్క్" చేయండి. ఆ నంబరుకు ఫోన్ చేయవద్దు. ఇంట్లో పెద్దవాళ్లు అప్పటికే చేసి, వాళ్లు చెప్పిన యాప్ ఎక్కించి ఉంటే ముందు వైఫై ఆపండి, ఆ యాప్ తీసేయండి, బ్యాంకు పాస్‌వర్డు ఫోనులోంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.