తలకోనకి పోతా ఉంటే ఈ ముక్క చదివి పోండి

తలకోన అంటే కొందరు "అబ్బో, ఆ కొండ మేమెక్కలేం" అంటారు, కొందరేమో "కారు దిగితే జలపాతమే కదా" అంటారు. రెండూ తప్పే. మోకాళ్ల నొప్పులున్న నేనే మా అత్తమ్మనీ, మనవళ్లనీ వెంటేసుకుని పోయొస్తా ఉంటా. కాకపోతే పొద్దన్నే పోవాల.

తిరపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే. భాకరాపేట కనుమ దాటి, యర్రావారిపాళెం మీదుగా నెరబైలు చేరితే తలకోన అక్కడికి దగ్గరే. కనుమలో మలుపులెక్కువ, కాబట్టి తొందరపడొద్దు. పెట్రోలు, చేతిలో చిల్లర తిరపతిలోనే చూసుకోండి. అడవి లోపల ఫోను సిగ్నలు నమ్ముకోవద్దు, ఎవరన్నా వెనకబడితే యాడ కలవాలో ముందే చెప్పుకోండి.

ఈశాన్య వానలు తగ్గినాక, కార్తీకం చివర నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. ఆదివారం వద్దు. శివరాత్రికైతే సిద్ధేశ్వరస్వామి తిరునాళ్లకి పోండి గానీ, జలపాతం కోసం పోవద్దు.

బండి గుడి దగ్గర పెట్టి, స్వామికి దండం పెట్టుకుని నడక మొదలుపెట్టండి. కొంత దూరం మెట్లు, ఆ తర్వాత రాళ్లు, వేర్లు. పిల్లలతో ఆగుతా పోయినా గంట లోపల చేరతారు. చాలామంది నీళ్ల మీద ధ్యాసతో తల దించుకుని ఉరుకుతారు. నన్నడిగితే సగం అందం దారిలోనే ఉండాది. మనిషి నడుమంత లావు గిల్లతీగలు చెట్టు నుంచి చెట్టుకి పాకి ఉంటాయి, వాటి కాయలు మూరెడు దాటి వేలాడతాయి. పైన కొమ్మల్లో చప్పుడైతే కోతే అనుకోవద్దు, ఒక్కోసారి బెట్లుడుత, అంటే చెట్ల మీదుండే పెద్ద ఉడుత, కనపడతాది.

కోతులకి మాత్రం కవరు చప్పుడైతే చాలు. చిత్రాన్నం, పెరుగన్నం స్టీలు క్యారియర్లో పెట్టి, దాన్ని గుడ్డసంచిలో దాచండి. వెనక పట్టీ ఉండే, అడుగు అరగని చెప్పులేసుకోండి. చీరైతే కుచ్చిళ్లు ఎగ్గట్టుకోవాల, నేనైతే చుడీదారే.

నీళ్లు 270 అడుగుల పైనుంచి పడతాయి. మన రాష్ట్రంలో ఇంతకన్నా ఎత్తయిన జలపాతం లేదంటారు. అక్కడ పాచి పట్టిన బండే అసలు శత్రువు. నిలబడి కాదు, కూర్చుని జరుగుతా దిగండి. లోతు తెలీని గుంటలో దూకే కుర్రోళ్లని చూసి మీ పిల్లోళ్లు కూడా దూకుతామంటారు, చెయ్యి వదలొద్దు. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా పైన కొండల్లో వాన పడిందని అర్థం. ఫోటోలు తర్వాత, ముందు గట్టెక్కండి.

ఎండ నెత్తికెక్కే లోపల గుడి దగ్గరికి తిరిగొచ్చేస్తే, కింద నీడన కూర్చుని తినొచ్చు. మనం తెచ్చిన ప్లాస్టిక్కు మన సంచిలోనే వెనక్కి రావాల. చీకటి పడకముందే కనుమ దాటేయండి.